కారులో చెప్పిన కబురు

ఆ రోజు నేను అబద్ధమాడానని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరంలో, వై టూ కే కంప్యూటర్ గండం గడిచిన కొత్తలో మెల్‌బోర్న్‌లో ప్రోగ్రామర్‌గా పనిచేసేవాణ్ణి. కాంట్రాక్టు పొడిగింపు కావలసినవాళ్లు పేర్లివ్వాలని, టీమ్‌లోని ఇండియన్లందరికీ చెప్పమని మేనేజర్ నాతో అన్నాడు. మేముండే క్లేటన్ శివారు నుంచి నాతో ఒకే కారులో వచ్చే ముగ్గురు తెలుగువాళ్లకు దారిలోనే చెప్పేశాను. గుంటూరు నుంచి వచ్చి మా టీమ్‌లోనే పనిచేసే షాహీన్ గారు ఆ కారులో లేరు. "లేడీ ఉంటే ఫ్రీగా మాట్లాడుకోలేం రా" అని మేమే ఎక్కించుకోలేదు.

గడువు దాటింది. పేరివ్వని ఆమె ఉద్యోగం పోయింది, దాంతో వీసా కూడా పోయే పరిస్థితి వచ్చింది.

"ఆడవాళ్లందరికీ తెలుసు, ఇండియన్లందరికీ తెలుసు. నీకొక్కదానికే ఎలా తెలియలేదు?" అన్నాడు మేనేజర్ నా ముందే ఆమెతో.

"ఆ తెల్ల ఆడవాళ్లు నన్ను లంచ్‌కి పిలవరు. ఈ మగవాళ్లు నన్ను కారెక్కించుకోరు. ఇంక నాకెవరు చెప్తారు?" అన్నారామె.

నిర్ఘాంతపోయాను. పక్క సీటులో పనిచేసే మనిషి ఇండియన్ల లెక్కలో నాకు గుర్తుకే రాలేదు!

"నువ్వు అందరికీ చెప్పావుగా?" అన్నాడు మేనేజర్ నన్ను చూసి. నా ఉద్యోగం గుర్తొచ్చి, చెప్పానన్నట్టు తలూపాను.

మొన్న నంబరు సంపాదించి గుంటూరుకు ఫోన్ చేశాను. "మీకు చెప్పనిది నేనే, చెప్పానని అబద్ధమాడిందీ నేనే. నన్ను క్షమించండి షాహీన్ గారూ" అన్నాను.