పిన్ని కొలిచిన గుండె

మా పిన్ని బట్టలు కుడుతుంది. ఎవరైనా ఎదురుపడితే మొహం కంటే ముందు భుజాలు చూస్తుంది. ఎంతటివాళ్ళు చెప్పినా నమ్మదు, టేపు చెబితే నమ్ముతుంది. మిషను ముందు తప్ప ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. అలాంటి మనిషిని ఆసుపత్రి వార్డులో స్టూలు మీద కూర్చోబెడితే ఇంకేముంది.

బాబాయి ఫ్యాను తుడవబోయి బల్ల మీంచి జారిపడ్డాడు. పక్కటెముకల నొప్పికి లేవలేకపోతే, చక్రాల మిషను మంచం దగ్గరికే తెచ్చి, పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే ఎక్స్‌రే తీశారు. ఎముకలు విరగలేదనీ, పెద్ద డాక్టరు రేపు చూస్తారనీ, పాత ఎక్స్‌రే ఉంటే తెచ్చిపెట్టమనీ డ్యూటీ డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. బాబాయికి ఎప్పుడో దగ్గుకు తీయించిన ఫిల్మును ఇంటి నుంచి నేనే తెచ్చాను. తేకపోయినా బాగుండేది.

మధ్యాహ్నం బాబాయి కళ్ళు మూసుకోగానే, పిన్ని రెండు ఫిల్ములూ కిటికీ అద్దానికి ఆనించి సంచిలోంచి టేపు తీసింది. కొలిచింది. మళ్ళీ కొలిచింది. మొహం పాలిపోయింది.

"గుండె రెండు వేళ్ళు పెరిగిందే," అంది గుసగుసగా. "ఆయనతో అనకు."

"టేపు పెట్టి గుండె కొలుస్తారా పిన్నీ?" అన్నాను చిరాగ్గా. తీరా చూస్తే నిజంగానే పెద్దదిగా ఉంది. నా గుండెల్లోనూ రాయి పడింది.

ఇక పిన్నికి కాలు నిలవలేదు. వరండా చివరిదాకా వెళ్ళడం, గిర్రున తిరిగి రావడం, బాబాయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం. ఆయన మంచినీళ్ళ కోసం చెయ్యి చాపితే, "మీరు కదలొద్దు," అని కసిరింది. ఒకటంటే నాలుగు అనే బాబాయి కిక్కురుమనలేదు.

సాయంత్రానికి పిన్నికి ఇంకో ఆలోచన తట్టింది. పాత ఫిల్ము మూల పి.ఏ. అని ఉంది, కొత్తదాని మీద ఏ.పి. అని. అక్షరాలే తారుమారైతే మనుషులు తారుమారు కారా? ఇది ఇంకెవరి గుండో అయ్యుండాలి. నన్ను లాక్కుని ఎక్స్‌రే గదికి పరిగెత్తింది.

ఎక్స్‌రే తీసే ఆయన అంతా విని, సెల్‌ఫోను లైటు గోడ వైపు తిప్పాడు. "మీ చెయ్యి గోడకి దగ్గరగా పెట్టండమ్మా." నీడ చేతంతే పడింది. "ఇప్పుడు లైటు వైపు జరపండి." నీడ ఉబ్బింది.

"ఇదీ అంతేనమ్మా. పి.ఏ. అంటే కిరణం వీపు నుంచి ఛాతీ వైపు వస్తుంది. ఏ.పి. అంటే ఛాతీ నుంచి వీపు వైపు. గుండె ఉండేది ముందు వైపు. పాతది తీసినట్టు నిలబడి, నీడ పడే ప్లేటుకి ఛాతీ ఆనిస్తే గుండె దగ్గరగా ఉంటుంది. పడుకుంటే ప్లేటు వీపు కిందకి పోతుంది, గుండె దూరమవుతుంది. నీడ పెద్దగా పడుతుంది."

"అయితే పెరగలేదా?"

"ఈ రెండిటినీ పోల్చి ఆ మాట చెప్పలేమమ్మా. ఆయన నిలబడగలిగితే డాక్టరుగారు ఇంకోటి తీయమంటారు."

ఆ రాత్రి పిన్ని నిద్రపోలేదు, నన్నూ నిద్రపోనివ్వలేదు. మర్నాడు బాబాయి మూలుగుతూనే నిలబడ్డాడు. అలా తీసిన మూడో ఫిల్ము చూసి పెద్ద డాక్టరు, గుండె ఎప్పటిలాగే ఉందన్నాడు.

బాబాయికి చొక్కా తొడుగుతూ పిన్ని ఏడుస్తూ నవ్వుతూ అంతా చెప్పేసింది.

"తెలుసు," అన్నాడాయన. "నువ్వు కొలుస్తుంటే చూశాను."

"చూసి, ఒక్క మాటైనా అడగలేదేం?"

"అడిగితే చెప్పేస్తావేమోనని భయమేసింది."