చదవకుండా నొక్కని సరోజనక్క

నిన్న మంచిర్యాలలో మా ఆఫీసు కంప్యూటర్‌లో అప్‌డేట్ మొదలైంది. లోపలి ఫ్యాను రొద పెట్టి, వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. గోదావరిఖనిలో ఆ దుమ్ములో బొగ్గు పొడి కూడా కలిసేది. ఆ వాసనతో పాటే సరోజనక్క గుర్తొచ్చింది. చౌరస్తా పక్క సందులో ఆమె నడిపిన ఇంటర్నెట్ సెంటర్‌లోనే నా మొదటి ఉద్యోగం. మనిషి పొట్టి, కోపం మాత్రం పొడుగు. తెర మీద 'అంగీకరిస్తున్నాను' అని కనబడగానే నొక్కేసే వాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. "పెండ్లికి గూడ గిట్లనే పిలగాని మొఖం సూడకుంట తల ఊపుతవా?" అని నన్ను ఎన్నిసార్లు కడిగేసిందో లెక్కలేదు. ఇప్పుడు అక్క లేదు. ఆమెను ఎరగని వాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే ఓదెలు కాక వచ్చిన రోజు చెబితే చాలు.

ఓదెలు కాక బాయి పని చేసేవాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. ఊపిరితిత్తులు పాడై, దిగలేక దిగలేక దిగుతున్నాడు. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే ఇంట్లో ఒక కొడుక్కి ఉద్యోగం వస్తుంది. కాకకేమో ఇద్దరు కొడుకులు. "బోర్డు చెప్పేదాంక ఇంట్ల ఎవలకు తెల్వద్దు బిడ్డా. తెలిసిందంటే అన్నదమ్ములు తలలు పలగ్గొట్టుకుంటరు" అని ఎక్స్‌రే కాగితాలు తువ్వాలలో చుట్టుకుని మా దగ్గరికి తెచ్చాడు. పక్క సెంటర్ నడిపేది పెద్ద కొడుకు దోస్తు. అక్కడికి పోలేడు. కాగితాలన్నీ మా ఒక్కగానొక్క కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఆ సాయంత్రంతో ఆ నెల బోర్డు దరఖాస్తు గడువు అయిపోతుంది.

సరిగ్గా అప్పుడే అప్‌డేట్ వచ్చి తెర నల్లబడింది. ఈ కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అసలు కాపీ కాదు అని రాసి ఉంది. ఏది తెరిచినా మూసుకుపోతోంది. కంప్యూటర్లు బాగుచేసే శ్రీనును పిలిచాం. సెంటర్ పెట్టినప్పుడు ఆ కాపీ వేసింది అతనే.

"దొంగ సరుకని చెప్పవైతివేందిరా?"

"ఖనిల అందరివి గట్లనే ఉన్నయి గదా అక్కా. ఫికర్ చెయ్యకు" అంటూ శ్రీను జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "యాంటీవైరస్ బందు వెట్టి గీ చిన్న సాఫ్ట్‌వేర్ నడిపిస్తె జల్ది అయిపోతది."

"గిది తయారు చేసినోడు ఎవడు?"

"ఏమో, నెట్ల దొరికింది."

"కావలి కుక్కను కట్టేసి, మొఖం తెల్వనోన్ని ఇంట్లకు పిలుస్తమారా? ఊరందరి రోగాల కాగితాలు ఉన్నయి గీ కంప్యూటర్ల!"

"అక్కా, గడువు..." అన్నాను. ఆమె వినలేదు. అప్పటికప్పుడు అసలు కాపీ కొని వేయించింది. అది నత్తనడకన ఎక్కుతుంటే బెంచీ మీద కాక దగ్గుతూనే ఉన్నాడు. చివర్లో తెర అనుమతులు అడిగింది. మీరెక్కడున్నారు, ఏం టైపు చేస్తున్నారు, ఏం చూస్తున్నారు, అన్నీ మాకు పంపండి అని. అన్నింటికీ ముందే ఒప్పుకున్నట్టు పెట్టి ఉంది. నేను గబుక్కున ఒప్పుకోబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. ఒక్కొక్కటీ పైకి చదివి, ఒక్కొక్కటీ ఆపించింది.

"గవన్ని ఎవలు సదువుతరక్కా, టైం అయితాంది" అన్నాడు శ్రీను.

"బాయి దిగేటప్పుడు బీడీలు, అగ్గిపెట్టె ఉన్నయా అని జేబులు తడుముతరు. మంచిదే, అందరి పానం కోసమే. దొంగ సరుకు ఉన్నదా అని గీ కంపెనీవోడు తడిమిండు, గది గూడ న్యాయమే, తప్పు మనది. గానీ, జేబుల ఉన్న చిట్టీ సదువుతనంటే ఎట్ల ఊకుంటం?"

అన్నీ అయ్యి సైట్ తెరిచేసరికి గడువు ముగిసిందని వచ్చింది. మళ్లీ వచ్చే నెలే. అంటే ఆ ఛాతీతో కాక ఇంకో నెల బాయి దిగాలి. అక్క కుర్చీలోంచి లేచి కాక ముందు నిలబడింది. "దొంగ సరుకు వెట్టుకున్నది నేను, శిక్ష నీకు వడ్డది కాకా" అంది. కాక తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు అక్క మీద చచ్చేంత కోపం వచ్చింది. ఇంటికి పోయేటప్పుడు చెప్పి కూడా పోలేదు.

మరుసటి నెల దరఖాస్తుకు కాక మళ్లీ మా గడపే ఎక్కాడు. ఇంకా చిక్కిపోయాడు. అక్క తలెత్తి చూడలేకపోయింది. నేనే ఉండబట్టలేక అడిగాను, "మంచిర్యాలకో పెద్దపల్లికో పోయి చేయించుకోకపోయినవా కాకా?"

"ఎందుకు బిడ్డా? నా రోగం సంగతి మీ గడప దాటలే. నెల దినాలు నా కొడుకులిద్దరు ఒక్క కంచంల తిన్నరు."

అక్క చేసింది ఒప్పో తప్పో నేనిప్పటికీ తేల్చుకోలేదు. కాక దగ్గు గుర్తొస్తే కోపం వస్తుంది, ఆ మాట గుర్తొస్తే కళ్లు నిండుతాయి. ఎవరి కాగితం నా చేతికొచ్చినా, దాని వెనక ఒకే కంచం చుట్టూ కూర్చున్న ఇల్లు ఒకటి ఉంటుందని మాత్రం మరిచిపోను.