సజ్జ మీద దాచిన పెళ్ల

ఆరేళ్లుగా ఒక సిమెంటు పెళ్లను మోస్తున్నాను. తూకం వేస్తే రెండు కిలోలుండదు. అయినా దించుకోలేకపోయాను.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. వైరా రోడ్డులో మాది పాత అపార్ట్‌మెంట్. నేను సెక్రటరీని, అంటే మోటారు కాలినప్పుడల్లా తిట్లు తినే హోదా. పెచ్చులూడే బాల్కనీలకు పేరు పిచ్చి ఉన్న సెక్రటరీ తోడైతే ఏమవుతుందో మీరే చూడండి.

కాంట్రాక్టరు బాల్కనీల రిపేరు పూర్తి చేశాడని, పని చూడటానికి మేం పెట్టుకున్న ఇంజినీరు తనిఖీ పత్రం పట్టుకొచ్చాడు. చర్చిలో డోలక్ వాయించేవాడి చెవి కదా నాది, ఊరుకోలేక మొదటి అంతస్తు బాల్కనీ అడుగున గొడుగుతో తట్టాను. డొల్లగా మోగింది.

“ఏంది సార్, గిట్ల మోగుతుంది?”

“కొత్త సిమెంటు గట్లనే మోగుతది, సెక్రటరీ సాబ్. మీ చర్చి డోలక్ అనుకున్నరా?” నవ్వాడు. “మెట్ల కాడ గ్రానైట్ పలక పెట్టిస్తున్నం. పర్యవేక్షణ అని మీ పేరే ముందు. జల్దీ సంతకం పెట్టండి, దమ్మపేటల తోట చూడవోవాలె.”

నిచ్చెన గోడకే ఆనించి ఉంది. ఆయన ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. ‘స్వయంగా తనిఖీ చేశాము’ అన్న మాట కింద, కారు బానెట్ మీదే ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఆ వానాకాలమే ఆ బాల్కనీ పెచ్చు ఊడి, కింద నిలబడ్డ మా అపార్ట్‌మెంట్ సువార్తక్క కుడి భుజం మీద పడింది. కుట్టుమిషనే ఆమె బతుకు. అందరూ ఆమెను దవాఖానాకు ఎత్తుకుపోతుంటే నేను ఆ పెళ్లను తిరగేశాను. లోపల సిమెంటు సంచుల కాగితం! తుప్పు పట్టిన ఇనుము మీద కాగితం ఉండలు కుక్కి, పైన పూత పూశారు.

అప్పుడేం చేశాను? లుంగీలో చుట్టి మా ఇంట్లో సజ్జ మీద దాచాను. మీటింగులో కాంట్రాక్టరును అందరికంటే గట్టిగా తిట్టాను. అడిగితే మాత్రం, “నేను చూసినప్పుడు బాగానే ఉంది” అన్నాను. నా పరువు కాపాడుకుంటున్నాననుకున్నాను. నిజానికి కాపాడింది ఎవరిని? ఆ కాంట్రాక్టరును, ఇంజినీరునే. వాళ్ల మీద అక్క వేసిన కేసు సాక్ష్యం లేక నలుగుతూనే ఉంది.

మొన్న చొక్కా గుండీ కుట్టమని ఇస్తే ఎడమ చేత్తో తంటాలు పడుతూ అంది: “నువ్వు చూసే సంతకం పెట్టినవు గద తమ్ముడూ. నా నసీబ్ గంతే.”

అప్పుడే చెప్పేశాను. అంతా. ఆమె దారం కొరికి, చొక్కా నా ఒళ్లో పడేసింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

వాయిదా రోజు వినియోగదారుల కమిషన్ ముందు నా తప్పు రాసిచ్చాను. ఇంజినీరు పక్కనే నిలబడ్డాడు. లుంగీ మూట విప్పి, పెళ్లను ఆయన ముందు బల్ల మీద పెట్టాను. కాగితం ఇంకా అందులోనే ఉంది.

“సార్, మీరూ ఒక్కసారి తట్టి చూడండి,” అన్నాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.