రిఫరీ చెప్పిన అబద్ధం

చాలా ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను.

కాలేజీ కబడ్డీ పోటీలకు రిఫరీగా నా ఉద్యోగకాలమంతా గడిచింది. నిక్కచ్చి మనిషినని పేరు. ఆ పేరు కాపాడుకోవడానికే అలా చేశానా? ఏమో. ఇలా అనుకోవడం కూడా తప్పించుకోవడమేనేమో.

పంజాగుట్టలో ఒక కాలేజీ మైదానం. అమ్మాయిల ఫైనల్. ఆడిన వాళ్లలో స్వరూప అనే అమ్మాయి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి చదువుకునేది. స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగం తెచ్చుకోవాలని ఆశ. చివరి కూతకు వెళ్లి పట్టుబడింది. మధ్యగీత అందుకోలేదని అవుటిచ్చాను. ఆ తీర్పు సరైనదేనని ఇప్పటికీ అంటాను. ఆమె పరుగున వచ్చి, “గీత ముట్టిన మేడం, జర సూడుండ్రి,” అంటూ నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. ఆ విసురుకు నేనే కాలు జారి వెల్లకిలా పడ్డాను. మైదానమంతా గొల్లున నవ్వింది.

కమిటీ గదిలో పెద్దాయన అడిగారు. “ఆ అమ్మాయి మిమ్మల్ని నెట్టిందా?”

“నెట్టిందండీ.”

అంతే. ఆమెను ఆట నుంచి నిషేధించారు. చదువు కూడా మానేసి ఊరెళ్లిపోయిందని తర్వాత విన్నాను. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? నవ్విన వాళ్ల ముందు మళ్లీ నిలబడలేక, ఇంకెవరికీ గుర్తుండదులే అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ కాలం గడిపేశాను.

మొన్న అమీర్‌పేట మెట్రోలో, ఆడవాళ్లను తనిఖీ చేసే తెర వెనక, సెక్యూరిటీ గార్డు యూనిఫాంలో ఉన్నావిడ నన్ను చూసి ఆగిపోయింది.

“గుర్తువట్టిండ్రా మేడం? స్వరూపను.”

తల ఊపాను.

“ఆ దినం కోపంల మిమ్మల్ని నెట్టిన. నెట్టలేదనే అనుకున్న ముందుగాల. అందరు అంటుంటే నెట్టిననే అనిపించింది. మాఫ్ జెయ్యిండ్రి.”

వెనక జనం తొందరపెడుతున్నారు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది.

“పర్లేదమ్మా,” అన్నాను. పైగా క్షమించినదానిలా ఆమె భుజం తట్టాను.

ఆమె నుంచి ఆటనొక్కదాన్నే లాక్కున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. తనను తాను నమ్ముకోవడం కూడా లాక్కున్నానని అక్కడ తెలిసింది. వెళ్లి చెబుతానా? చెప్పాలి. చెబుతానని ప్రమాణం చేయలేను, నా మాట విలువేమిటో నాకు తెలుసు. కానీ ఆమె నన్ను నెట్టలేదు. ఈ వాక్యం నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.