అరాలి బండికి బస్సు హారన్

ర్వహేరు ఒకచోట నిలబడి టీ తాగగా నేనెప్పుడూ చూడలేదు. గ్లాసు పట్టుకుని రోడ్డు ఈ పక్కకీ ఆ పక్కకీ తిరుగుతూనే తాగుతాడు. సగం టీ ఒలికిపోతుంది. చొక్కా మీద పడిందిరా అంటే, పడనీ అంటాడు. మా టోరో సీమలో మనిషిని ఉత్త పేరు పెట్టి పిలవడం మొరటుతనం, అందుకే పుట్టిన ప్రతి పిల్లకీ ఒక పిలుపు పేరు కూడా ఇస్తారు. ర్వహేరు పిలుపు అరాలి. నా పిలుపు అబ్వోలి. ఎదురైన మనిషిని ఆ పిలుపుతో పలకరించకుండా పోయినవాడు ఎంత గొప్పవాడైనా సరే, మా దృష్టిలో గడ్డి తినేవాడి కింద లెక్క.

క్యెంజోజో రోడ్డులో తేయాకు ఫ్యాక్టరీ గేటు ఉంది కదా, దానికి ఇవతల మలుపులో, బోడా బళ్ళు, అంటే కిరాయి మోటారు సైకిళ్ళు, ఆగే స్టేజి పక్కనే నా పొయ్యి. చపాతీ కాల్చి, గుడ్డు వేసి, చుట్టి ఇస్తాను. రోడ్డు మీద ఏం జరిగినా ముందు నా కళ్ళలోనే పడుతుంది. కాదనేవాళ్ళుంటే రమ్మనండి, తేల్చుకుందాం.

అరాలి కూడా ఆ బోడానే నడుపుతాడు. పోయిన వానల్లో తన కూతురు అడ్యెరిని వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్తున్నాడు. ఫ్యాక్టరీ గేటులోంచి ఒక లారీ వెనక్కి నడుస్తూ రోడ్డెక్కింది. బండి వెళ్ళి లారీకి కొట్టుకుని కాలవలో పడింది. తండ్రికి గీతలు పడ్డాయి, పిల్లకి కాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, పిల్ల మళ్ళీ బండి ఎక్కలేదు. తల్లి బతిమాలింది, తిట్టింది, చివరికి చెయ్యి కూడా చేసుకుంది. ఊహూఁ. ఆ కాలుతో కొండ ఎక్కి, దిగి, బడికి చేరేసరికి గేటు మూసేస్తున్నారు. ఈ ఏడు ఏడో తరగతి పెద్ద పరీక్ష. ఇలాగైతే లాభం లేదు, బడి మాన్పించి మేనత్త ఊరికి పంపేస్తానని తల్లి పట్టుబట్టింది. పిల్ల చదువు మీద అరాలికి ప్రాణం. దాన్ని మళ్ళీ బండి ఎక్కించాలి, అంతే. ఇంకో ఆలోచన లేదు అతనికి.

"లారీవాడికి నా హారన్ వినపడలేదు అబ్వోలీ," అనేవాడు వచ్చిన ప్రతిసారీ. "దోమ గొంతు దానిది. గట్టి హారన్ ఉంటే నా పిల్ల కాలు విరిగేదా?"

"ఎన్నిసార్లు చెప్తావయ్యా! ముందు ఆ చపాతీ తిను, చల్లారిపోతోంది," అనేదాన్ని. తినేవాడు కాదు. చేతిలో పట్టుకునే పరుగెత్తేవాడు.

ఒకరోజు మెకానిక్ బసలిజ షెడ్డులో, బోల్తా పడి తుక్కుకొచ్చిన బస్సు హారన్ చూశాడు. రెండు పొడుగాటి బూరలు, వాటికి గాలి కొట్టే చిన్న పంపు. ఇంక ఆగుతాడా?

"ఇది బస్సు గొంతురా నాయనా," అన్నాడు బసలిజ. "నీ బండి బ్యాటరీ దీనికి ఒక్క ముద్దకి కూడా చాలదు."

"పెద్ద బ్యాటరీ పెట్టు."

"పంపు ఎక్కడ పెట్టను? నీ నెత్తి మీదా?"

"సీటు కింద పెట్టు. లేకపోతే నెత్తి మీదే పెట్టు. పెట్టడం మాత్రం పెట్టు."

మొత్తానికి పెద్ద బ్యాటరీ వేసి, లావు వైరు లాగి, పంపు సీటు కింద ఇరికించి, బూరలు రెండూ హ్యాండిల్ కింద బిగించి ఇచ్చాడు. పాత హారన్ పీకి తుక్కులో పారేశారు.

మొదటిసారి అది మోగినప్పుడు నా చేతిలో గుడ్డు పొయ్యిలో పడింది. పైప్రాణాలు పైనే పోయాయంటే నమ్మండి. చర్చి పాటలు పాడించే ఆయన తల్లి, ముసలావిడ, పాలకుండ నెత్తిన పెట్టుకుని వస్తున్నదల్లా గడ్డిలో చతికిలబడిపోయింది. పాలన్నీ నేలపాలు.

"నేనింకా చావలేదురా అరాలీ!" అని అరిచింది. "అప్పుడే నా శవం ముందు బాకా ఊదుతున్నావా?"

"మీకు పలకరింపుగా కొట్టానమ్మా!"

"ఇదా పలకరింపు? మీ అత్తగారిని పలకరించు దీంతో, ఇచ్చిన పిల్లని కూడా వెనక్కి తీసుకుపోతుంది!"

స్టేజి అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. అరాలి నవ్వలేదు. మా బోడావాళ్ళు దారిలో తెలిసినవాళ్ళు కనపడితే హారన్ చిన్నగా నొక్కి, బండి నెమ్మది చేసి, పిలుపు పేరుతో పలకరించి మరీ పోతారు. ఈ బస్సు గొంతుతో ఆ పని కుదరదు కదా. పోనీ, ఆగి నోటితోనే పలకరించవయ్యా అంటే, టైము లేదంటాడు. నాలుగు రోజులు పోయేసరికి పలకరించడం పూర్తిగా మానేశాడు. ఆ మోత వినపడగానే జనమే రోడ్డు దిగి గడ్డిలో నిలబడేవాళ్ళు. ఇతను దూసుకుపోయేవాడు.

"చూశావా, రోడ్డంతా ఎలా ఖాళీ అయిపోతోందో!" అన్నాడు నాతో, కళ్ళు మెరుస్తుంటే.

"చూశాను. ఇంక కొన్నాళ్ళకి నీ ఇంట్లో పెళ్ళికీ చావుకీ కూడా ఇలాగే ఖాళీగా ఉంటుంది," అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

పొద్దున్నే పిల్ల సంచీ తగిలించుకుని నా పొయ్యి ముందు నుంచి కుంటుకుంటూ పోయేది. వెనకే ఇతను బండి మీద, కాళ్ళు నేలకి రాసుకుంటూ. "విను అడ్యెరీ, ఒక్కసారి విను! ఇప్పుడు ఏ లారీ అయినా ఆగి తీరాల్సిందే. ఎక్కమ్మా, మా అమ్మవి కదూ." పిల్ల చెవులు మూసుకుని ఇంకా గబగబా నడిచేది. ఆ కాలుతో అంత వేగంగా నడుస్తుంటే చూడలేక నేను పెనం వైపు తిరిగేదాన్ని.

ఇక ఆ సంతరోజు సంగతి. పొద్దున అడ్యెరి నా దగ్గర చపాతీ కట్టించుకుంటోంది. తిబెండ తన సైకిలుకి అరటి గెలలు కట్టుకుని, నెట్టుకుంటూ రోడ్డు మధ్యలో పోతున్నాడు. తిబెండకి పుట్టు చెవుడు. ఈ రోడ్డు మీద అది తెలియని మనిషి లేడు. అతన్ని పలకరించాలంటే బండి బాగా నెమ్మది చేసి, ముందుకెళ్ళి, చెయ్యెత్తి చూపించాలి. అతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు, సైకిలు పక్కకి తీస్తాడు. బోడావాళ్ళందరూ అలాగే చేస్తారు. అరాలి కూడా చేసేవాడు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళు వాళ్ళిద్దరూ.

అతని వెనక నుంచి అరాలి బండి మీద ఎత్తు దిగుతున్నాడు. హారన్ మోగింది. ఇంకా మోగింది. బండి మాత్రం తగ్గడం లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే సామెత అనుకునేదాన్ని, నా కళ్ళారా చూశాను. "ఒరేయ్, తిబెండరా! అరాలీ, తిబెండ!" అని గొంతు చించుకున్నాను. ఆ మోతలో నా అరుపు నాకే వినపడలేదు.

ఆఖరి క్షణంలో హ్యాండిల్ తిప్పాడు. సైకిలుకి రాసుకుంటూ పోయి, బండి తేయాకు మొక్కల్లో పడింది. గెలలు తెగి రోడ్డంతా దొర్లాయి. తిబెండ అప్పుడు గానీ వెనక్కి తిరగలేదు. తిరిగి, పడింది అరాలి అని చూసి, సైకిలు వదిలేసి పరుగెత్తాడు. లేవదీసి, మొహానికి అంటిన మట్టి తన చొక్కాతో తుడిచాడు. నాకు దుఃఖం ఆగలేదు.

అరాలి రోడ్డు మీదికి వచ్చాడు. "హారన్ కొట్టాను అబ్వోలీ. నువ్వు విన్నావా లేదా? చెప్పు, కొట్టానా లేదా?"

నేను నోరు తెరిచేలోపే అడ్యెరి అంది. "ఆ రోజు కూడా కొట్టావు నాన్నా."

"ఏ రోజు?"

"లారీ రోజు. లారీ మామ విన్నాడు. చెయ్యి బయటపెట్టి ఊపాడు, ఆగమని. నేను చూశాను. నువ్వు హారన్ కొట్టుకుంటూనే పోయావు."

అరాలి పిల్ల దగ్గరికి వచ్చాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అన్నాడు.

"లారీ మామకి వినపడలేదని అందరికీ చెప్తున్నావుగా. నేనెట్లా చెప్పను?" అంది పిల్ల. సంచీ సర్దుకుని నడుచుకుంటూ బడికి పోయింది. అరాలి రోడ్డు మీద గెలలు ఏరి తిబెండ సైకిలుకి కడుతూ ఉండిపోయాడు. కట్టిన ముడి మళ్ళీ విప్పి మళ్ళీ కట్టాడు.

మర్నాడు బండి బాగుచేయించుకుని వచ్చి స్టేజిలో నిలబడ్డాడు. పిల్ల వచ్చింది. ఎక్కమని అడగలేదు, తల వంచుకున్నాడు. దాటిపోయిందల్లా ఆ పిల్లే వెనక్కి వచ్చింది.

"నేను ఆగమంటే ఆగుతావా?"

"ఆగుతాను."

"ఎందుకని అడగకూడదు."

"అడగను."

"ఎక్కడైనా?"

"ఎక్కడైనా ఆగుతానమ్మా."

బండి ఎక్కి తండ్రి చొక్కా పిడికిట పట్టుకుంది. కొంచెం దూరం పోయారో లేదో, "ఆగు," అంది. ఆగాడు. అక్కడ ఏమీ లేదు, కోడిపిల్ల కూడా లేదు. కదిలారు. మళ్ళీ, "ఆగు." మళ్ళీ ఆగాడు. స్టేజిలో కుర్రాళ్ళు ఈల వేశారు. "అరాలీ, నీ బండికి కొత్త ఓనరొచ్చిందిరోయ్!" అని అరిచారు. అతను తల తిప్పలేదు.

సరిగ్గా ఫ్యాక్టరీ గేటు ముందు, ఎత్తు మధ్యలో, పిల్ల మళ్ళీ ఆగమంది. వెనక తేయాకు లారీ వస్తోంది. లారీవాడు బ్రేకు వేసి, హారన్ మీద చెయ్యి పెట్టి తీయకుండా మోగించాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏయ్! రోడ్డు నీ బాబుదా? తియ్యి!" అని తిట్టాడు.

అరాలి రెండు కాళ్ళూ నేలకి ఆనించి అలాగే నిలబడ్డాడు.

"వెళ్ళనా అమ్మా?" అని అడిగాడు.

పిల్ల వెనక్కి తిరిగి, ఆగమని లారీవాడికి చెయ్యి ఊపి, అప్పుడు, "ఇప్పుడు పోనీ నాన్నా," అంది.