ఎర్ర దారం కట్టిన కుండ

గెట్సెల్ రొట్టెల బట్టీ దగ్గర హెన్యా ముప్పై ఒక్క ఏళ్లు పని చేసింది. యూదులు విశ్రాంతి దినమైన శనివారం ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, శుక్రవారం పొద్దుగూకేలోగా వీధివీధంతా కుండలు మోసుకొచ్చి ఆమెకి అప్పగించేది. చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంపలు, కలిగినవాళ్లయితే మాంసం వేసిన చోలెంట్ కుండలు. బట్టీ మూతకి మట్టి మెత్తేవారు. ఆరుతున్న నిప్పు వేడికి అవి మర్నాడు మధ్యాహ్నం దాకా మగ్గేవి. అప్పుడు ఎవరి కుండ వాళ్లకి అందించడం హెన్యా పని.

వారానికి ఎనభై కుండలు. ఇన్నేళ్లలో ఆమె చేతిలో కుండ తారుమారైంది ఒక్కసారే. లండన్‌లోని ఆ వైట్‌చాపెల్ పేట ఆడవాళ్లు దాన్ని ఇప్పటికీ "హెన్యా పొరపాటు" అంటారు. అని, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుకుంటారు.

తల్లి పోయినప్పుడు హెన్యాకి పదకొండేళ్లు, తమ్ముడు ఫైవెల్‌కి ఆరు. ఆ ఏడే ఆమె బడి ఆగిపోయింది. కుండల మీద పేర్లు రాసేంత చదువు లేక, ఇంటికో దారం పెట్టుకుంది. చెప్పులు కుట్టేవాళ్లకి నల్లది, చేపల దుకాణానికి నీలం, తమ కుండకి తెల్లది. నోట్లో నాలుక లేని పిల్ల అనేవారు అందరూ. నాలుక సంగతేమో గానీ, కళ్లు మాత్రం నాలుగు కళ్ల పని చేసేవి. కుండ ఎత్తి చూసి ఏ ఇంట్లో మగవాడికి పని పోయిందో చెప్పగలదు. మూత సందులోంచి వచ్చే వాసన బట్టి ఏ ఇంటికి పెళ్లివారు వస్తున్నారో చెప్పగలదు. చెప్పదు, అంతే.

ఆ పొరపాటు నాటికి ఫైవెల్‌కి ఇరవై ఏళ్లు. వారమంతా ప్యాంట్లు కుట్టే షాపులో ఇస్త్రీ చేసేవాడు, విశ్రాంతి దినం ముగిశాక శనివారం సాయంత్రాలు బాక్సింగ్ ఆడేవాడు. పదకొండు ఆటలాడి ఒక్కటీ ఓడలేదు. పన్నెండోది నది అవతలి బెర్మాండ్సీ తోళ్ల పనివాడు ఆల్ఫ్‌తో. చేపలమ్మే ముసలమ్మతో సహా వీధంతా ఫైవెల్ మీద పందెం కాసింది. ఒంటి బరువు నూట ఇరవై ఆరు పౌన్లు దాటితే ఆటకి రానివ్వరు. అందుకని ఆ వారం అతని తిండి ఉడికించిన చిక్కుడు గింజలే, కొవ్వు చుక్క లేకుండా. ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఎదురుగా ఉన్న ప్యాంటుని రొట్టెలా చూస్తున్నాడని షాపులో ఏడిపించేవారు.

బుధవారం బట్టీకి ఇజర్ వచ్చాడు.

ఇజర్ వీధిలోని దుకాణాల్ని కాపాడేవాడు. ఎవరి నుంచి అని అడిగితే, అడిగినవాడి పిండి తొట్టెలో ఆ వారమే కిరసనాయిలు పడేది. అందుకని ఎవరూ అడగరు, అడిగినంతా ఇచ్చేస్తారు. గెట్సెల్ అతన్ని చూడగానే, ఖాళీ బస్తాలు లెక్కపెట్టాలని గుర్తొచ్చినట్టు దొడ్లోకి వెళ్లిపోయాడు. అక్కకోసం వచ్చిన ఫైవెల్ ఒక్కడే మిగిలాడు. పిండి బస్తాల వెనక హెన్యా ఉంది కానీ, ఆమె ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు.

ఇజర్ ఫైవెల్ కుడి చెయ్యి అందుకుని, రొట్టె తాజాదో కాదో నొక్కి చూసినట్టు కణుపులు నొక్కి చూశాడు.

"మంచి చెయ్యి రా ఇది. ఎవరి దిష్టీ తగలకూడదు. శనివారం నాలుగో రౌండ్‌లో నీకు కళ్లు తిరుగుతాయి. పడిపోతావు."

"నాకెప్పుడూ తిరగలేదన్నా."

"తిరుగుతాయి. తిరగకపోతే ఈ చెయ్యి ఇస్త్రీ పెట్టె ఎత్తడానికి కూడా పనికిరాదు." చెయ్యి వదిలి, బల్ల మీది గసగసాల రొట్టె ఒకటి తీసుకుని వెళ్లిపోయాడు.

బస్తాల వెనకనించి హెన్యా వచ్చింది. "పడతావా?" అంది.

"పడితే ఎవరు నమ్ముతారక్కా? అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయి. అక్కడ దీపాల కింద చివరి వరసకి కూడా కనిపిస్తాయి."

"పడకపోతే?"

ఫైవెల్ కుడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "ఎడం చేత్తో ఇస్త్రీ నేర్చుకుంటా."

"జ్వరం వచ్చిందని చెప్దాం."

"ఇజర్ డాక్టర్ని పంపిస్తాడు. వాడి డాక్టర్ సంచిలో సుత్తే ఉంటుంది."

ఆట అసలు జరక్కపోతే, అనుకుంది హెన్యా. పైకి అనలేదు. తమ్ముడికి తెలిస్తే వాడి చెవులకీ తెలుస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం కుండల వరస సందు మలుపు దాకా ఉంది. ఇజర్ తల్లి జిస్లా రాగానే మాటలన్నీ ఆగిపోయి, వరస రెండుగా చీలి దారిచ్చింది. ప్రతి వారం ఇంతే. ఆమె తలొంచుకుని ముందుకొచ్చి కుండ బల్ల మీద పెట్టింది. మూత సందులోంచి కొవ్వు కూరిన బాతు మెడ వాసన గుప్పుమంది. వీధిలో అలా మెడ కూరేది ఆమె ఒక్కతే.

"ఘుమఘుమలాడుతోంది పిన్నిగారూ," అంది హెన్యా.

జిస్లా చుట్టూ చూసి, ఆ మాట తనకేనని నమ్మకం కుదిరాక నవ్వింది. "నువ్వొక్కదానివే అంటావు పిల్లా. మావాడు గడియారం చూస్తూ మింగుతాడు, నమలడు కూడా. గోడకి సున్నం వేసినా ఇంతకంటే నయం, గోడ పీల్చుకుంటుంది."

ఆమె వెళ్లాక హెన్యా ఆ కుండనీ తమ కుండనీ పక్కపక్కన పెట్టింది. ఒకే బండి దగ్గర కొన్న నల్ల ఇనప కుండలు. ఒకదానిలో బాతు మెడ, మూలిగ ఎముకలు. ఒకదానిలో నీళ్లు, చిక్కుడు గింజలు, దేవుడి మీద భారం. జిస్లా కుండకి ఎప్పుడూ ఎర్ర దారమే, దిష్టి తగలకుండా. ఆ వేళ హెన్యా ఎర్ర దారం తన కుండకి కట్టింది, తెల్ల దారం జిస్లా కుండకి. పట్టింది తుమ్మినంత సేపు. ఆ తరవాత నీలం దారం అందుకుని చేపల దుకాణం కుండ దగ్గరికి జరుపుకుంది.

శనివారం బట్టీ మూత తెరిచేది నోరా. పక్క సందులో బట్టలుతికే ఐరిష్ ఆవిడ, ఈ విశ్రాంతి ఆవిడది కాదు. పొడుగు పారతో ఒక్కొక్క కుండే బయటికి లాగుతూ తెల్ల దారం కుండ దగ్గర ఆగింది.

"ఏమే హెన్యా, ఈ వారం మీ కుండ బరువెక్కిందే."

"గింజలు ఉబ్బాయి."

నోరా ముక్కు ఎగబీల్చింది. "గింజలుబ్బితే బాతు వాసనొస్తుందా?"

 నోరా హెన్యా మొహం చూసి, ఎర్ర దారం కుండ తీసి జిస్లా చేతికి తనే అందించింది. "తీసుకోండమ్మా, ఈ వారం తేలిగ్గా వండారు," అంది.  జిస్లా కుండ అందుకుని, చేతుల్లోనే బరువు చూసుకుంది. ఎర్ర దారం కేసి చూసింది. ఇంటిదారి పట్టింది.

ఇంట్లో ఫైవెల్ మూత తీసి కుండలోకీ అక్క వంకా చూశాడు. "ఇది మన కుండేనా?"

"దారం మనదే."

"మెడ ఉందక్కా ఇందులో."

"విశ్రాంతి దినాన కంచం ముందు ప్రశ్నలు వేస్తే పాపం. ఊదుకుని తిను."

ఆరు రోజుల ఆకలి. అక్క మాట కాదనడం ఇంకా పెద్ద పాపం. ఫైవెల్ మెడ తిన్నాడు, మూలిగ పీల్చాడు, రొట్టె ముక్కతో కుండ అడుగు అద్దంలా తుడిచాడు. ఉప్పు కాస్త ఎక్కువని మూడు చెంబుల నీళ్లు తాగాడు. తాగి, గోడవైపు తిరిగి నిద్రపోయాడు.

విశ్రాంతి దినం ముగిసిందనడానికి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపించాలి. లండన్ పొగలో నక్షత్రాలు కనపడి ఎన్నాళ్లయిందో, గడియారమే నక్షత్రం. చలికాలం కాబట్టి, అది ఐదు కొట్టేసరికే బాక్సింగ్ హాలు నిండిపోయింది. హెన్యా ఎప్పుడూ ఆటకి వెళ్లలేదు. ఆ వేళ నోరా శాలువా పట్టుకుని వెనక వరసలో నిలబడింది. ముందు వరసలో ఇజర్, కొత్త టోపీతో.

ఆల్ఫ్ నూట ఇరవై ఐదున్నర తూగాడు. ఫైవెల్ కాటా ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి నూట ఇరవై తొమ్మిదీ ముప్పావు దగ్గర కూర్చుంది. తూచేవాడు కాటా తట్టి మళ్లీ ఎక్కమన్నాడు. ముల్లు మళ్లీ అక్కడే కూర్చుంది. ఒక గంట గడువిచ్చారు. ఫైవెల్ మూడు కోట్లు తొడుక్కుని హాలు చుట్టూ పరిగెత్తాడు, మలుపుమలుపుకీ తేన్చుతూ. గంటకి తగ్గింది అర పౌను.

ఆల్ఫ్ గురువు ముసలాయన ఫైవెల్ పొట్ట మీద వేలితో తట్టాడు. "వీడు ఆటకొచ్చాడా, పెళ్లి పంక్తిలోంచి లేచొచ్చాడా? మావాడు ఆడడు. రూలు రూలే."

ఇక్కడే ఇజర్ పొదుపు ఇజర్‌నే కాటేసింది. రహస్యంగా ఆల్ఫ్ మీద పందెం కాసి, ఓడాల్సినవాడికి చెబితే చాలు, గెలిచేవాడికి చెప్పడం దండగ అనుకున్నాడతను. కాబట్టి తన మనిషి గెలవబోతున్నాడని ఆ ముసలాయనకి తెలియదు.

ఇజర్ లేచాడు. "మూడు పౌన్లే కదా పెద్దాయనా. కుర్రాళ్లు సరదా పడుతున్నారు, ఆడనివ్వండి."

ముసలాయన కళ్లు చిన్నవి చేసి చూశాడు. "బరువెక్కింది మీ వీధి కుర్రాడు. ఆడితే నష్టం మాకు. మరి మావాణ్ణి ఆడించాలని మీకెందుకయ్యా అంత ఆత్రం?"

వరసలన్నీ ఇజర్ వైపు తిరిగాయి. వీధంతా ఎరిగిన ఫైవెల్ చెవుల కేసి ఇజర్ ముందు చూశాడు. తెల్లగా, అమాయకంగా ఉన్నాయి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆట రద్దయింది. ఎవరి పందెం డబ్బు వాళ్లకి వెనక్కి వచ్చింది. చేపల ముసలమ్మ తన షిల్లింగుని కొరికి చూసుకుని మరీ జేబులో వేసుకుంది.

ఆదివారం పొద్దున్న రొట్టెల వరస మధ్యలోంచి ఇజర్ నేరుగా హెన్యా దగ్గరకొచ్చాడు. గెట్సెల్‌కి మళ్లీ బస్తాలు గుర్తొచ్చాయి.

"మీ తమ్ముణ్ణి అడిగాను, నిన్న ఏం తిన్నావురా అని. బాతు మెడ అన్నాడు. చెవులు తెల్లగానే ఉన్నాయి." ఇజర్ బల్ల మీదికి వంగాడు. "నేను మా అమ్మ ఇంట్లో ఆసుపత్రి కూడు తిన్నాను. ఇదేమిటే అంటే, కడుపుకి మంచిది తినమంది. తొమ్మిదేళ్లుగా నీ చేతిలో ఒక్క కుండ మారలేదు. మారిందీ నిన్ననే, మారిందీ మా కుండే. ఎలా?"

హెన్యాకి జీవితమంతా మౌనమే కాపు. ఆ వేళ అది చాలలేదు. "దారం పొరపాటు..." అంది. తన చెవులు వేడెక్కడం తనకే తెలిసింది. వాళ్లింట్లో అందరివీ అవే చెవులు.

"పొరపాటు నాది," అంది వరసలోంచి ఒక గొంతు.

జిస్లా. చేతిలో హెన్యా కుండ ఉంది.

"ఎర్ర దారం అరిగిపోయింది, తెల్లది కట్టవే అని నేనే అన్నాను. ముసలిదాన్ని, మర్చిపోయాను. అయితే ఏమిట్రా? ఎవరింట్లోనో కుర్రాడు ఒక పూట కడుపునిండా తింటే నీకొచ్చిన నష్టమేమిటి?"

"నాకేం నష్టం లేదమ్మా."

"నువ్వు దుకాణాల్ని కాపాడేవాడివి కదా. బాక్సింగ్‌తో నీకేం పని?"

వరసలో ముప్పై మంది ఆడవాళ్లు. ఒక్కరూ రొట్టెల వైపు చూడడం లేదు. ఇజర్ కక్కలేక మింగలేక టోపీ సర్దుకున్నాడు.

"ఏం పని లేదు."

"లేదు కదా." జిస్లా హెన్యా వైపు తిరిగింది. "నా కుండ ఏదే?" హెన్యా అందించింది. జిస్లా మూత తీసి అడుగు కొడుక్కి చూపించింది. "చూశావా? కడగలేదు, తుడిచాడు. ఇరవై ఏళ్ల నుంచి వండి పోస్తున్నాను, ఇలాంటి అడుగు నువ్వొక్కసారి చూపించావా నాకు? వచ్చే శనివారం నుంచి ఆ అబ్బాయి మనింట్లో తింటాడు, నీ పక్కనే కూర్చుని. చేతులు రెండూ బాగుండాలి వాడికి. నా చోలెంట్ ఒక చేత్తో తినేది కాదు."

"అలాగేనమ్మా," అన్నాడు ఇజర్. అలవాటుగా గసగసాల రొట్టె మీదికి చెయ్యి పోయింది.

"డబ్బులిచ్చి తీసుకో," అంది జిస్లా.

ఆ తరవాత ఫైవెల్ నూట ఇరవై ఆరు పౌన్లు మళ్లీ ఎన్నడూ తూగలేదు. పై తరగతిలో ఆడాడు, కొన్ని గెలిచాడు, కొన్ని ఓడాడు. ఓడినప్పుడు నిజంగానే ఓడాడు. శనివారం శనివారం ఇజర్ పక్కన కూర్చుని భోంచేసేవాడు. ఒక కుర్రాడు అంత శ్రద్ధగా తింటూ ఉంటే పక్కన గడియారం చూసుకోవడం ఇజర్‌కి కూడా కష్టమైపోయిందని చెప్పుకునేవారు.

ఆ మరుసటి శుక్రవారం జిస్లా వచ్చినప్పుడు వరస చీలలేదు. చేపల ముసలమ్మ ఆమెని శాలువా పట్టుకుని ఆపి, బాతు మెడలో ఉల్లిపాయ ఎంత వేస్తావని అడిగింది. జిస్లా అందరి వెనకా నిలబడి, అరగంట కబుర్లు చెప్పి, గొంతు బొంగురుపోయాక బల్ల దగ్గరకొచ్చింది. కుండ అంతకుముందు దానికంటే పెద్దది.

"అమ్మాయ్," అంది గొంతు తగ్గించి, "ఈ వారం ఏ దారం కడుతున్నావు?"

"మీదే పిన్నిగారూ. ఎర్రదే."

"ఊరికే అడిగాలే, ఇంకెవరింట్లోనైనా ఆకలిగా ఉన్నారేమోనని," అంది జిస్లా. మొహంలో మాత్రం కాస్త నిరాశ కనిపించింది. హెన్యా అది చూసింది. చెప్పలేదు, అంతే.