గ్రీకు స్వరకర్త పేజీ పోయింది, ఇప్పుడు సోమయ్య తాత వంతు

ఈ రోజు మధ్యాహ్నం ఒక మనిషిని చెరిపేశారు. నాలాంటివాళ్లం ఊరికే రాసే తెలుగు ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో, ఎవరికీ తెలియని ఒక గ్రీకు స్వరకర్త మీద పేజీ ఉండేది. దానికి ఆధారం ఒక పాత కచేరీ కరపత్రం మాత్రమే. నేను చదవడం నేర్చుకున్నదే కరపత్రాలు చూసి కాబట్టి, ఉంచాల్సిందేనని చర్చలో పోట్లాడాను. నిర్వాహకులైన గుడివాడ మాస్టారు ఫోన్ చేశారు.

"కరపత్రం ఎవడైనా అచ్చేసుకుంటాడు బాబూ. పుస్తకంలో ఉందా? పేపర్లో వచ్చిందా?"

"రాకపోతే ఆయన పుట్టనట్టేనాండీ?"

"మన వరకూ అంతే. ఆవేశపడకు. ఇలాంటివన్నీ వరసగా తీసేస్తున్నాం."

ఎంత మర్యాదగా అన్నారో! ఫోన్ పెట్టేసరికి పేజీ లేదు.

సాయంత్రం చూస్తే, హంసలదీవిలో వల లాగుతూ అప్పటికప్పుడు పాట కట్టే సోమయ్య తాత మీద నేను రాసిన పేజీకి తీసేస్తామని ఎర్ర పట్టీ తగిలించి ఉంది. ఆధారాలు లేవట, వారం గడువట. తాతకి అక్షరం రాదు. ఆయన పాటలు తోటి వలవాళ్ల నోళ్లలో తప్ప ఏ కాగితం మీదా లేవు.

కోపం కన్నా నాకు భయమే ఎక్కువగా ఉంది. తాత గురించి అచ్చయిన ముక్క ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. లేకపోతే వచ్చే వారం ఆయన బతికుండగానే లేనివాడైపోతాడు.